పొగ లేని శుక్రవారం

"ఆమె చెబితే గాలి కూడా కొనుక్కొస్తారా మీరు?"

నేను ఈ మాట అనేటప్పటికే మా ఇంట్లో గొడవ మొదలై ఒక వాయి ఇడ్లీలు దిగిపోయాయి. మా ఆయన సుశీల్ కుమార్ హాల్లో కింద కూర్చుని, అట్టపెట్టెలోంచి తెల్లటి మిషన్ ఒకటి బయటికి తీస్తున్నాడు. గాలిలో ఉండే దుమ్మునూ పొగనూ పట్టుకుని మంచిగాలి వదులుతుందట.

"గాలిని కొనలేదు కరుణా. శుభ్రం చేసేదాన్ని కొన్నా. అమ్మ దగ్గు చూస్తుండావు గదా."

"అత్తమ్మ దగ్గు నేను పెళ్ళై వచ్చిన రోజు నుంచీ చూస్తుండా. ఇన్నేళ్ళూ లేని బాధ ఈ వారం ఎట్ట పుట్టుకొచ్చింది?"

"అనూష మేడం వాళ్ళింట్లో ఇట్టాంటిదే..."

"అదీ సంగతి. పేరు బయటికొచ్చింది."

మంచం మీద నుంచి మా అత్తగారు రెజీనమ్మ తల ఎత్తింది. "ఒరే సుశీలూ, దాంట్లోంచి చల్లగాలి వస్తదా?"

"రాదమ్మా. శుభ్రమైన గాలి వస్తది."

"చల్లగా లేకపోతే అది గాలని నాకెట్ట తెలిసేది? వాపస్ ఇచ్చెయ్యి."

అనూష అల్లూరు దగ్గర పనిచేసే సబ్ ఇన్‌స్పెక్టర్. మా ఆయనకు నెల్లూరులో ఫొటో స్టూడియో ఉంది. ఎక్కడైనా ప్రమాదమో చావో జరిగితే పోలీసులు ఫొటోలకు అతన్నే పిలుస్తారు. ఆ అమ్మాయి బదిలీ మీద వచ్చినప్పటి నుంచి మా భోజనాల దగ్గర ఆమె లేని పూట లేదు. మేడం జీపు తనే నడుపుతుంది. మేడం టీలో చక్కెర వేసుకోదు. మేడం పరుగులో జిల్లాకే ఫస్టు. నేను పోలీసు ఉద్యోగానికి రాత పరీక్ష పాసై, ఆ పరుగులోనే పోయినదాన్ని. తర్వాత ఒక ఇన్సూరెన్సు కంపెనీకి క్లెయిములు నిజమో కాదో తేల్చే పని చేసి, ఇప్పుడు ట్రంకు రోడ్డులో గది తీసుకుని సొంతంగా పరిశోధనలు చేస్తున్నాను. బయట బోర్డు మీద "కరుణాకుమారి, ప్రైవేట్ డిటెక్టివ్" అని ఉంటుంది. చచ్చినవాళ్ళందరికీ ఫొటోలు తీసే మా ఆయన ఆ బోర్డుకు ఇంతవరకూ ఒక్క ఫొటో తీయలేదు.

"దీని సంగతి ఆనక తేలుద్దాం. మధ్యాహ్నం నన్ను అల్లూరు తీసుకుపోండి. సుకుమార్ శవం ఫొటోలు ఫోన్లో ఉండాయి గదా?"

"ఉండాయి. మేడంను ఒక మాట అడిగి..."

"పెళ్ళాన్ని. నన్నడగండి."

ఆయన మిషన్‌ను మళ్ళీ పెట్టెలో పెట్టాడు. కానీ మూత వెయ్యలేదు.

*

కేసు వివరాలు కొద్దివే. మూడు వారాలవుతోంది. ఒక శుక్రవారం రాత్రి ఎనిమిది దాటాక, అల్లూరు అవతల జనం పెద్దగా తిరగని కాలువ రోడ్డు మలుపులో సుకుమార్ అనే రైతు తన మోటార్ సైకిల్ పక్కన చచ్చిపడి ఉండగా పాలవ్యాను వాళ్ళు చూశారు. ఏదో బండి గుద్ది ఆగకుండా పోయింది. అప్పటికి ఆ మలుపంతా పొగ. పక్క పొలాన్ని కౌలుకు చేసే గిద్యోను, కోతమిషన్ వదిలేసిన వరిగడ్డికి ఆ సాయంత్రం నిప్పు పెట్టాడు. పొగలో దారి కనపడక ఏ లారీయో గుద్దిందని, ఆ పొగకు బాధ్యుడు గిద్యోను అని అనూష తేల్చింది. అతన్ని అరెస్టు చేసింది.

గిద్యోను భార్య సామ్రాజ్యం మా చర్చికి వస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నిన్న జైల్లో గిద్యోనును చూశాను. "నేను చంపలేదు" అని ఏడ్చేవాళ్ళను చాలామందిని చూసినదాన్ని. ఇతను, "నేనే చంపినానమ్మా," అన్నాడు. "నిప్పు పెట్టింది నేనే గదా. సుకుమారయ్య నన్ను ఒక్కనాడన్నా 'ఒరే' అని పిలవలేదు. అట్టాంటి మనిషికి ఊపిరాడకుండా, దారి కనపడకుండా చేసినా." అన్నం ముట్టడం లేదని వార్డరు చెప్పాడు. సామ్రాజ్యం నన్ను అడిగింది ఒక్కటే. "ఆయన తప్పైతే తప్పనే చెప్పండక్కా. కాకపోతే ముందు ఆయన్ను నమ్మించండి. జడ్జి సంగతి ఆనక. అప్పటిదాకా మనిషి బతికుండాల గదా."

మలుపు దగ్గర దిగేసరికి ఎండ తగ్గింది. కావాలనే ఆ వేళకు వచ్చాను. రోడ్డుకు పడమర గిద్యోను పొలం, మాడిన వరి కొయ్యకాళ్ళతో నల్లగా ఉంది. తూర్పున కాలువ, దాని అవతల సుకుమార్ వాళ్ళ మేడ. ఇంకా తూర్పుకు పోతే రొయ్యల గుంటలు, వాటి వెనక సముద్రం. నా కొంగు పడమటికి ఎగురుతోంది.

"గాలి ఎటు పోతుండాది?" అన్నాను మా ఆయనతో.

"పొలాల మీదికి. సముద్రం గాలి. ఎండాకాలం సాయంత్రమంతా ఇదే."

"గిద్యోను నిప్పు పెట్టింది పొద్దుండగానే. అది ఊరంతా చూసినారు. మరి పొగ రోడ్డు మీదికి ఎట్ట వచ్చింది?"

"వచ్చింది కరుణా. నేను లెన్సు తుడుచుకోలేక చచ్చినా."

"మీరు వచ్చింది రాత్రి. చీకటి పడినాక సముద్రం గాలి నిలిచిపోతది. కాసేపటికి పడమటి గాలి తిరుగుతది. అప్పుడొచ్చింది పొగ. పొద్దుండగా ఈ రోడ్డు మీద నిలబడితే సముద్రం ఉప్పు తప్ప ముక్కుకు ఇంకేం తగిలుండదు."

ఆయన ఫోన్ తీసుకుని ఫొటోలు జరిపాను. సుకుమార్ చొక్కా మీద మసి రేకులు. చెంప మీద మసి. ఆరిన రక్తం మీద కూడా మసి. శవాన్ని ఎత్తాక తీసిన ఫొటో దగ్గర ఆగాను. రోడ్డంతా నల్లటి రేకులే. మనిషి పడి ఉన్న చోట మాత్రం మనిషి ఆకారంలో తారు శుభ్రంగా ఉంది.

"మసి పైన పడింది. కింద లేదు," అన్నాను. "అంటే మసి రాకముందే ఆయన పడి ఉండాడు. రక్తం ఆరినాక వచ్చింది మసి. మీరే తీసినారు, మీరే చూళ్ళేదు."

"నేను వెలుతురు చూసుకుంటా గానీ..." అని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. జీపు వస్తోంది. మా ఆయన కాలరు సర్దుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా నా ముందు ఆ కాలరు ఏనాడూ సర్దుకోలేదు.

అనూష దిగింది. ఎండలో తిరిగినా వాడని మొహం. "అక్కా, నా సీన్‌లో మీరేం చేస్తుండారు?"

అక్కా! "మీ సీన్ ఎత్తేసి చాలా రోజులైంది గదా ఎస్సై గారూ. ఇప్పుడిది మామూలు రోడ్డు."

"సుశీల్ గారూ, ఫొటోలు బయటివాళ్ళకు చూపించొద్దని చెప్పినా గదా?"

"బయటామె కాదు మేడం, ఇంట్లో..."

"ఇంట్లోనే ఎక్కువ జాగ్రత్త పడాల." నవ్వింది. నవ్వితే బాగుంటుంది. అదే నాకు మంట.

మసి సంగతి, గాలి సంగతి చెప్పాను. ఆమె అడ్డు తగలకుండా చివరిదాకా విన్నది. ఎదుటివాళ్ళు పూర్తిగా వినడం కూడా ఒక్కోసారి అవమానంగానే ఉంటుంది.

"పొగ తేలిక, మసి బరువు," అంది. "ముందు పొగ కమ్మింది, లారీ గుద్దింది, ఆనక మసి రాలింది. అట్టా జరగకూడదా?"

జరగొచ్చు. అది నాకు తట్టలేదు. మా ఆయన మెచ్చుకోలుగా తల ఊపడం కంటికొసన కనపడింది.

"గాలి మళ్ళింది ఎప్పుడో కరెక్టుగా తేలితే నీ మాటకు జవాబు దొరుకుతది," అన్నాను. కోపంలో 'మీ' పోయి 'నీ' వచ్చింది. "ఆ మేడ మీద దుమ్మునూ పొగనూ కొలిచే మిషన్ ఉంది. సుకుమార్ భార్య పెట్టింది."

"నేను చూడలేదనుకున్నారా? ఆ అమ్మాయి ప్రత్యూషను అడిగి ఆ రోజు లెక్క తెప్పించుకున్నా. చూసే ఓపిక లేదని అట్టనే పంపించేసింది, పాపం. ఆ మిషన్ చెడిపోయిందక్కా. ఆ సాయంత్రం దీపాల వేళ వాళ్ళ అత్త ఇల్లంతా సాంబ్రాణి వేసింది. పెద్దకొడుకు పక్కనే ఉండాడు. ప్రత్యూష అప్పటికి కాలేజీ నుంచి రాలేదు. ఇద్దరూ ఒకే మాట చెప్పినారు. ఆ వేళకు సాంబ్రాణి మిషన్లో ఎక్కలేదు, ఇంక ఆ తర్వాతి లెక్క నేను చూడనేలేదు. ఇంట్లో పొగనే పట్టుకోలేనిది పొలం పొగను పట్టుకుంటదా? దాన్ని నమ్మి గిద్యోనును వదలమంటారా?"

"ఆ లెక్క నేను కూడా చూస్తా."

"చూడండి. నేనూ వస్తా. తప్పు తేలితే నా ముందరే తేలాల."

*

ఇంటి యజమానురాలు, సుకుమార్ తల్లి ఆదిశేషమ్మ వసారాలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. వయసు అరవై దాటినా మనిషి గట్టిది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కోలేదు, లేవలేదు.

"కూర్చోండి," అంది అనూషతో. నాతో, "గిద్యోను తరఫున వచ్చినామె నువ్వేనా?" అంది.

"నేనే అమ్మా."

"మీ చర్చి వాళ్ళకు మీవాళ్ళే ముద్దులే."

పెద్దకొడుకు పెంచలప్రసాద్ రొయ్యల గుంట నుంచి అప్పుడే వచ్చాడు. మేత మోసే చిన్న ట్రక్కు వాకిట్లో ఆపి, కాళ్ళు కడుక్కుని, తల్లి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని భార్య మస్తానమ్మ మంచినీళ్ళు తెచ్చింది. ప్రత్యూష లోపలి గడప దగ్గర కూర్చుని ఉంది. నెల్లూరు కాలేజీలో పర్యావరణం పాఠాలు చెప్పే అమ్మాయి. ఇంటికి ఎవరు వచ్చారో కూడా పట్టనట్టుంది.

"ప్రసాద్ గారూ, ఆ శుక్రవారం సాయంత్రం మీరు ఎక్కడుండారు?" అన్నాను.

"ఎస్సై గారికి చెప్పినా గదా. ఇంట్లోనే ఉండా."

"పొద్దు కుంకినప్పటి నుంచి?"

"అంతకు ముందు నుంచే. అమ్మ సాంబ్రాణి వేస్తుంటే గిన్నె నేనే పట్టుకున్నా. బొగ్గులు కాలతాయని."

"అవును, పట్టుకున్నాడు," అంది ఆదిశేషమ్మ. ఆమె వేళ్ళు చింతపండులో ఈనె కోసం వెతుకుతున్నాయి. ఆ తొనలో ఈనె ఎప్పుడో తీసేసింది.

"మేడ మీదికి కూడా తీసుకుపోయినారా?"

ఆమె జవాబు చెప్పేలోపు మస్తానమ్మ అందుకుంది. "మేడ మీదికి పోకుండా ఉంటదా మా అత్త? ఆ మిషన్ కింద గిన్నె పెట్టకపోతే ఆమెకు శుక్రవారం అయినట్టే కాదు."

"నువ్వు ఊరుకోమే," అన్నాడు ప్రసాద్.

"ఉన్నమాటే గదా! మిషన్ కొత్తగా పెట్టినప్పుడు ప్రత్యూష ఊరికే ఒక మాట అనింది, 'అత్తమ్మా, దీని దగ్గర పొగ వద్దు, లెక్క తప్పుతది' అని. అంతే. ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం మెట్లెక్కి దాని కిందనే గిన్నె పెట్టి, 'లెక్క కట్టు, ఇది కూడా లెక్క కట్టు' అంటది. జ్వరం వచ్చినప్పుడు కూడా పాక్కుంటా పోయింది."

"నా కొడుకు నాకు కూర్చునేదానికి ఒక పీట చేసి ఇయ్యలేదు," అంది ఆదిశేషమ్మ, తలెత్తకుండా. "దానికి మాత్రం ఇనప స్టాండు చేసి, రంగు వేసి, గొడుగు కూడా పెట్టినాడు. అది గాలి పీల్చుకుంటదంట. నేను పీల్చుకోనా?"

చనిపోయిన కొడుకు గురించి ఆ ఇంట్లో నాకు వినిపించిన మొదటి మాట అది. ప్రత్యూష మొహం పక్కకు తిప్పుకుంది.

నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. "అమ్మాయ్, ఆ మిషన్ లెక్క ఒకసారి తెరుస్తావా? నీకు కష్టమని తెలుసు. గిద్యోను జైల్లో అన్నం మానేసి ఉండాడు."

ఆ మాట ఆమెను లేపింది. లోపలికి వెళ్ళి ల్యాప్‌టాప్ తెచ్చి మధ్యలో పెట్టింది. అందరూ చుట్టూ చేరారు. అనూష బూట్లు వసారా కింద విడిచి వచ్చి నేల మీదే కూర్చుంది. నేను చెప్పులు విడవడం మరిచిపోయాను. అది గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

తెర మీద రెండు గీతలు. "ఈ పసుపుది ముతక ధూళి," అంది ప్రత్యూష. పాఠం చెప్పే గొంతు మెల్లగా తిరిగి వస్తోంది. "రోడ్డు దుమ్ము, కోతమిషన్ లేపే దుమ్ము, సముద్రం నుంచి వచ్చే ఉప్పు. ఇది ఎక్కువసేపు గాలిలో ఉండదు, ముక్కులోనే ఆగిపోతది. ఈ ఎర్రది సన్న ధూళి. ఏది కాలినా వచ్చేది ఇదే. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతది. ఇదిగో, దీపావళి." ఎర్రగీత కొండలా లేచింది. "ఇది తుఫాను వాన పడిన వారం." రెండు గీతలూ నేలకు అంటుకుపోయాయి. "వాన అంతా కడిగేసింది."

"మరి ఇవి?" కొండలకూ నేలకూ మధ్యలో ఎర్రటి సూదులు వరసగా నిలబడి ఉన్నాయి.

"అత్తమ్మ," అంది ప్రత్యూష. ఏడుపుకు ముందో నవ్వుకు ముందో తెలియని గొంతుతో. "వారానికొకటి. శుక్రవారం, దీపాల వేళ. ఈ వైపు పొలాలు కాల్చినా, ఆ వైపు పండగ వచ్చినా, ఈ సూది మాత్రం తప్పదు. వీటిని తీసేసి లెక్క కట్టుకునేదాన్ని. ఆయన నవ్వేవాడు, 'మా అమ్మ సంతకం అది, చెరిపేయొద్దు' అని."

ఆదిశేషమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఆ శుక్రవారం చూపించు," అన్నాను.

పగలంతా పసుపుగీత ఎత్తులో ఉంది. ఎక్కడో కోతలు జరుగుతున్నాయి. ఎర్రగీత మాత్రం కింద పాకుతోంది. సాయంత్రం వచ్చింది. దీపాల వేళ వచ్చి వెళ్ళింది. సూది లేదు. ఏడున్నర దాటాక ఎర్రగీత కదిలింది, ఎనిమిదికల్లా దీపావళి కంటే ఎత్తుకు పోయింది.

"ఇది వరిగడ్డి పొగ," అంది ప్రత్యూష. "గాలి తిరిగి ఇటు వచ్చింది. మా ఇంటికి చేరాలంటే ముందు రోడ్డు దాటాల. రోడ్డు మీదికి దీనికి కొంచెం ముందు వచ్చుంటది. అంతకు ముందైతే లేదు."

"మిషన్ చెడిపోలేదు," అంది అనూష మెల్లగా. ఆమె మొహంలో రంగు మారింది. "పొలం పొగను పట్టుకుంది. మరి సాంబ్రాణి..."

"అమ్మ ఆ రోజు మరిచిపోయుంటది," అన్నాడు ప్రసాద్. "ముసలామె. రోజులు కలగాపులగం చేస్తది."

"గిన్నె నేనే పట్టుకున్నానన్నారు గదా?"

"అది ముందు శుక్రవారమేమో."

నేను తెరను ముందుకు జరిపించాను. తర్వాతి శుక్రవారం కూడా సూది లేదు. ఆ తర్వాతి శుక్రవారం, అంటే మొన్న, మళ్ళీ నిలబడింది.

"రెండు వారాలు వేసినట్టు లేదే," అన్నాను, ఎవరినీ చూడకుండా.

మస్తానమ్మ నవ్వింది. "మైలలో సాంబ్రాణి ఎట్ట వేస్తారమ్మా? దీపమే పెట్టం. మీవాళ్ళకు ఇవన్నీ తెలీవులే. పెద్దకర్మ అయి ఇల్లు శుద్ధి చేసుకున్నాక మొన్న వేసింది."

"మాకు ఆ ఆచారం లేదు మస్తానమ్మా. కానీ మా కింద వాటాలో ఉండేది మీవాళ్ళే. ఇంట్లో మనిషి పోయినారని తెలిస్తే చేతిలో ఉన్న అగ్గిపుల్ల కూడా ఆర్పేస్తారు. రెండో శుక్రవారం వెయ్యలేదంటే న్యాయమే." ఆదిశేషమ్మ వైపు తిరిగాను. "మొదటి శుక్రవారం ఎందుకు వెయ్యలేదమ్మా? సుకుమార్ పోయినాడని ఈ ఇంటికి కబురు ఎప్పుడొచ్చింది?"

"పాలవ్యాను వాళ్ళు వచ్చినప్పుడు. ఎనిమిది దాటినాక," అంది మస్తానమ్మే. అన్నాక ఆమె నవ్వు మొహం మీదే ఆగిపోయింది. "నేను పుట్టింట్లో ఉండా ఆ రోజు. రాత్రికి వచ్చినా. నాకు... వీళ్ళు చెప్పిందే..."

"దీపాల వేళకే ఈ ఇంటికి మైల వచ్చిందని ఎవరు చెప్పినారమ్మా మీకు?" అన్నాను ఆదిశేషమ్మతోనే.

గుంటల దగ్గర నీళ్ళు చిమ్మే చక్రాల చప్పుడు అక్కడిదాకా వినపడుతోంది.

అనూష లేచి వాకిట్లోకి చూసింది. "ఆ ట్రక్కుకు ముందు బంపరు కొత్తది. పోయినసారి వచ్చినప్పుడే అడిగినా. ఉప్పుగాలికి తుప్పు పట్టిపోయింది, మార్చినా అన్నాడు. ఈ పక్క అన్ని బండ్లకూ అంతే గదా అని నమ్మినా." నా వైపు తిరిగింది. "తప్పు నాదే అక్కా."

ఆ మాట అంత సులువుగా అనేసింది. ఆమె స్థానంలో నేనుంటే నాలుగు రోజులు పట్టేది.

ప్రసాద్ గోడకు ఆనుకునే ఉన్నాడు. పారిపోతాడేమోనని మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు గానీ, అతను కాలు కదపలేదు. తల్లిని చూస్తున్నాడు.

"చెప్పు. ఈసారి కూడా వాడి తరఫునే చెప్పు," అన్నాడు.

"ప్రసాదూ..."

"నీ నోట్లో వాడి పేరు లేని పూట ఉండిందా? నా గుంటలో రొయ్యలు తేలిపోయినప్పుడు ఏమన్నావు? 'తమ్ముణ్ణి చూసి నేర్చుకో' అన్నావు. నీకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంది నేను. తెల్లారి వాడొచ్చి తలుపు దగ్గర నిలబడితే, 'నా బిడ్డ వచ్చినాడు' అన్నావు. మరి నేనెవర్ని? ఆ రోజు కూడా పొద్దున్నే చెప్పినావు, నా గుంట కూడా వాడు చూసుకుంటాడని." వాకిట్లో ఉన్న ట్రక్కు వైపు చూశాడు. "మలుపులో ఎదురొచ్చినాడు. వెలుతురు బాగా ఉండింది. నన్ను చూసి నవ్వతా చెయ్యి ఎత్తినాడు, ఆగమని. బ్రేకు తొక్కాలనే అనుకున్నా. కాలు పెట్టినా. తొక్కలేదు."

మస్తానమ్మ అక్కడే కూలబడింది.

ప్రత్యూష ల్యాప్‌టాప్ మీద నుంచి చూపు ఎత్తలేదు. సూది లేని ఆ ఖాళీ మీద వేలు పెట్టి అడిగింది. "ఇంటికొచ్చి నీకు చెప్పినాడు గదా అత్తమ్మా. అప్పుడు ఆయన బతికుండాడా?"

ఆ ప్రశ్న అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అనూషకు కూడా చాలలేదని ఆమె మొహం చూస్తే తెలిసింది.

"తెలీదు," అంది ఆదిశేషమ్మ. "బొగ్గులు అంటించి ఉండా. వాడొచ్చి నా కాళ్ళ దగ్గర పడినాడు. 'తమ్ముడు అయిపోయినాడమ్మా' అన్నాడు. నీళ్ళు పోసి బొగ్గులు ఆర్పేసినా. చెయ్యి తనంతట తనే పోసేసింది. పోయి చూద్దామని లేచినా. వీడు కాళ్ళు వదల్లేదు. వీణ్ణి విడిపించుకుని పోవచ్చు, నాకు ఆ సత్తువ ఉండింది. పోలేదు. ఒకడు పోయినాడు, పోతే ఇంకొకడు కూడా పోతాడని కూర్చున్నా. చీకటి పడింది, పొగ వచ్చింది. ఊరంతా వచ్చి గిద్యోను పేరు చెప్పినారు. నేను అవునన్నా."

చింతపండు పళ్ళేన్ని పక్కకు జరిపింది. చేతులు కొంగుకు తుడుచుకుని లేచి నిలబడింది. అనూష చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకునే లేచింది. ఆమె రహస్యాన్ని బయటికి లాగింది నేను, ఆమె పట్టుకున్నది ఆ అమ్మాయి చేతిని. అంత దుఃఖం మధ్యలో కూడా నాకు ఆ సంగతి గుచ్చుకుంది.

ఆదిశేషమ్మ వాళ్ళను ఒక్కొక్కరినే చూసింది. నేల మీద ఉన్న పెద్దకోడలిని, తెర ముందున్న చిన్నకోడలిని, గోడ దగ్గరి కొడుకును. పొద్దున వంటకు బియ్యం ఎన్ని పోయాలో చెప్పేటంత మామూలు గొంతుతో చెప్పింది.

"మస్తానమ్మా, పిల్లల్ని నీ పుట్టింటి నుంచి ఇప్పుడే తేవొద్దు. ప్రత్యూషా, నన్ను నువ్వు చూడాల్సిన పని లేదు. ఈ ఇంట్లో ఉంటావో పోతావో నీ ఇష్టం. ఉంటే మేడ నీదే. నేను ఈ అమ్మాయి జీపులో స్టేషనుకు పోతుండా. జరిగింది రాసిస్తా. దాచింది నేనని కూడా రాసిస్తా. ఆడి నుంచి జైలు దగ్గరికి పోయి గిద్యోనును చూసి, వాడు అన్నం తిన్నాకనే ఇంకేదైనా." పెద్దకొడుకు వైపు తిరిగింది. "ప్రసాదూ, చొక్కా వేసుకుని రా. నిన్ను వదిలిపెట్టి నేనొక్కదాన్నే పోను."